అక్క పెళ్లి డీవీడీ: టీవీలో బానే ఉంది, ల్యాప్‌టాప్‌లో అందరూ పుల్లల్లా ఉన్నారు. హెల్ప్ ప్లీజ్

కోనసీమ_కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మా అక్క పెళ్లి 2009లో మా ఊళ్లోనే చేశాం. స్టూడియో ఆయన మూడు డీవీడీలు ఇచ్చాడు, ఒకటీ రెండూ పెళ్లి, మూడోది రిసెప్షన్. అప్పట్లో ఇంట్లో 21 అంగుళాల డబ్బా టీవీ, దాంట్లో అందరూ సన్నగా పొడుగ్గా కనిపించేవారు, మా పెద్దమ్మ అయితే చూసిన ప్రతిసారీ నేనెంత సన్నగా ఉండేదాన్నో చూడండ్రా అని మురిసిపోయేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎల్ఈడీ కొన్నాక అదే ప్లేయర్ని పసుపు ఎరుపు తెలుపు వైర్లతో కలిపితే మనుషులు మామూలుగా వచ్చేశారు, సరే డిస్కులు బానే ఉన్నాయి పాత టీవీయే తేడా అనుకున్నాం.

ఇప్పుడు డిస్కుల మీద గీతలు పడుతున్నాయి కదా అని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక కొత్త డిస్కు కూడా కొట్టి అమ్మమ్మకి ఇద్దామనుకున్నాను (ఆవిడ దగ్గర ఇంకా డబ్బా టీవీ, పాత ప్లేయరే ఉన్నాయి, మార్చుకోమంటే మార్చుకోదు). ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టి చూస్తే మళ్లీ అందరూ అగరొత్తుల్లా ఉన్నారు. ఏదో కన్వర్టర్ దించి 1080 పెట్టి రాత్రంతా నడిపాను, పొద్దున్న చూస్తే ఫైల్ రెండింతలు అయ్యింది, అటూ ఇటూ నల్లగా, మధ్యలో అవే అగరొత్తులు. ఆ ఎంపీ4నే డిస్కు మీద కొడితే అమ్మమ్మ ప్లేయర్ నో డిస్క్ అంటోంది. మూడో డిస్కు ఇంకో రకం, నాలుగు వైపులా నలుపు, మధ్యలో పోస్టల్ స్టాంపంత బొమ్మ. వచ్చే నెల్లో అక్కా బావా వస్తున్నారు, ఆ లోపు తేలాలండి.

మర్రిపాలెం_మూర్తి:
సింపుల్. కన్వర్టర్ సెట్టింగ్స్‌లో స్ట్రెచ్ టు ఫిట్ అని ఉంటుంది, అది టిక్ పెట్టి మళ్లీ 1080లో తియ్యండి. ఇంకో రాత్రి, అంతే.

ఓరుగల్లు_వాసు:
ఆగు తమ్మీ ఆగు, ఇంకో రాత్రి ఖరాబు చేసుకోకు. డీవీడీల ఉన్న బొమ్మ మన దగ్గర పాల్ (మన దేశం టీవీ పద్ధతి) అయితే 720 బై 576 చుక్కలు, అంతే. డబ్బా టీవీ కోసం తీసినా వెడల్పు టీవీ కోసం తీసినా చుక్కల లెక్క గదే, ఒక్క చుక్క ఎక్కువ ఉండదు. వెడల్పు వీడియోను అడ్డంగా ఒత్తి గా 720లనే ఇరికిస్తరు, చూపించేటప్పుడు ప్లేయరో టీవీయో మళ్ల లాగాలె. లాగాల్నా వద్దా అని చెప్పేది డిస్కుల ఒక చిన్న గుర్తు, 4:3 (డబ్బా టీవీ వెడల్పు ఎత్తుల లెక్క) అనో 16:9 (వెడల్పు టీవీ లెక్క) అనో. నీ డిస్కుల బొమ్మేమో ఒత్తినట్టున్నది, గుర్తేమో 4:3 అని ఉండొచ్చు. వీఎల్‌సీ ఆ గుర్తును నమ్ముతది, అందుకే పుల్లలు. మీ ఎల్ఈడీ ఫుల్ మోడ్‌ల ఉండి వచ్చింది వచ్చినట్టు తెర నిండా సాగదీస్తున్నది, అందుకే అక్కడ మంచిగ కొడుతున్నది. అంటే మీ టీవీ చేసిన ఒక తప్పు స్టూడియో చేసిన ఇంకో తప్పును సరిచేసింది.

కన్వర్ట్ చేస్తే ఏమైతది? ఉన్న 576 గీతలను 1080 చేసినంత మాత్రాన కొత్త బొమ్మ రాదు, క్వాలిటీ ఇంకో మెట్టు దిగుతది. గుర్తు మారిస్తే చాలు, అది రెండు నిమిషాల పని. కానీ ముందు నా అనుమానం కరెక్టా కాదా చూడాలె. వీఎల్‌సీల డిస్కు ఆడుతున్నప్పుడు కీబోర్డు మీద A అక్షరం నొక్కుతూ పో, 16:9 వచ్చినప్పుడు ఆగి చూడు.

కోనసీమ_కుర్రాడు:
నొక్కాను వాసు గారు, 16:9 దగ్గర మామూలుగా అనిపిస్తున్నారు. కానీ పదహారేళ్ల క్రితం మనుషులు ఎంత లావు ఉన్నారో నాకేం గుర్తు, కరెక్టో కాదో కళ్లతో చెప్పలేకపోతున్నాను. మా బావ అయితే రెండింట్లోనూ ఒకేలా ఉన్నాడు.

పాత_రీలు:
బాబూ, మొహాలు చూసి చెప్పకూడదు, గుండ్రంగా ఉండే వస్తువు వెతుకు. పెళ్లి వీడియోలో బోలెడు ఉంటాయి. పక్క నుంచి తీసిన కారు టైరు, కల్యాణమండపం గోడ గడియారం, బ్యాండు మేళం వాళ్ల పెద్ద డోలు. పళ్లేలు మాత్రం వద్దు, అవి ఏటవాలుగా పడతాయి, మోసం చేస్తాయి. బొమ్మ ఆపి తెర మీద స్కేలు పెట్టి నిలువు ఎంత అడ్డం ఎంత కొలువు. ఒత్తిన వీడియోకి 4:3 గుర్తు పడితే నిలువు అడ్డం కంటే మూడో వంతు ఎక్కువ వస్తుంది.

నేను 1998 నుంచి 2014 దాకా పెళ్లిళ్లు తీశాను తెనాలి చుట్టుపక్కల, కాబట్టి ఇది ఎలా జరుగుతుందో నాకు తెలుసు, నేనూ ఇలాంటి డిస్కులు ఇచ్చే ఉంటాను, ఒప్పుకోడానికి సిగ్గేం లేదు. మినీ డీవీ (చిన్న టేపు) కెమెరాల్లో 16:9 మోడ్ ఉండేది. కొత్తగా ఎల్‌సీడీ కొన్నవాళ్లు మాకు తెర నిండా రావాలి అని అడిగేవాళ్లు, నొక్కేవాళ్లం. టేపు మీద మాత్రం అదే 720 బై 576. తర్వాత టేపు క్యాప్చర్ చేసేటప్పుడు (కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు) సాఫ్ట్‌వేర్ ఆ వైడ్ గుర్తు చదివితే సరే, చదవకపోతే మామూలు క్లిప్పు అనుకునేది. ఎడిటింగ్ ప్రాజెక్టేమో ఎప్పుడూ వాడే స్టాండర్డ్ 4:3 ప్రీసెట్‌లోనే ఓపెన్ చేసేవాళ్లం ఎందుకంటే మన పూలు, హార్టులు, కారు వచ్చి ఆగే టెంప్లేట్లు అన్నీ దాంట్లోనే చేసి పెట్టుకునేవాళ్లం. గుర్తు చదవని క్లిప్పులు సన్నగా వచ్చాయి, అదీ నీ ఒకటో రెండో డిస్కు. గుర్తు చదివిన క్లిప్పుల్ని సాఫ్ట్‌వేర్ తెలివిగా పైనా కిందా నలుపు పెట్టి 4:3లో సర్దింది, అదీ నీ మూడో డిస్కు. ఆ సర్దిన దానికి మళ్లీ నీ ల్యాప్‌టాప్ వెడల్పు తెర మీద అటూ ఇటూ నలుపు కలిసి నాలుగు వైపులా అయ్యింది. తప్పు ఒకటే, వేషాలు రెండు.

కోనసీమ_కుర్రాడు:
గడియారం దొరికిందండి! సరిగ్గా ముహూర్తానికి ముందు కెమెరా దాని మీదకి వెళ్లింది. వీఎల్‌సీ మామూలుగా పెడితే నిలువు 8 సెంటీమీటర్లు, అడ్డం 6. 16:9 పెడితే నిలువూ అడ్డం సమానం. రీలు గారూ, మీరు దండం పెట్టించుకునే మనిషండి.

ఓరుగల్లు_వాసు:
8కి 6 అంటే బరాబర్ మూడో వంతు ఎక్కువ. ఇగ కన్ఫర్మ్.

ఇట్ల చెయ్. స్టూడియో కొట్టిన డిస్కుకు లాక్ ఏమీ ఉండదు, వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌లకు కాపీ కొట్టు. గీతలు ఉన్నయ్ అన్నవ్ కదా, మెత్తటి బట్టతోని మధ్యల నుంచి అంచుకు తుడువు, గుండ్రంగా తిప్పి తుడవకు. అప్పటికీ ఒక కాడ ఆగిపోతే ఇంకో డ్రైవ్‌ల పెట్టి చూడు, ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదువుతది, నాకు చానా సార్లు అయింది. ఒరిజినల్ డిస్కులు మాత్రం పారేయకు. తర్వాత ఐఎఫ్ఓఎడిట్ అని చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్, పాతదే కానీ ఇప్పటికీ నడుస్తది. దాంట్ల VTS_01_0.IFO అనే ఐఎఫ్ఓ ఫైల్ (డిస్కు వివరాలు, ఆ గుర్తు ఉండేది దీంట్లనే) తెరువు, మ్యాట్ అని ఉంటది, దాని లోపల వీడియో ఆట్రిబ్యూట్స్ అని ఒక లైన్ కనబడతది, పాల్, 4:3 అని రాసి ఉంటది. దాని మీద రెండు సార్లు నొక్కి 16:9 చెయ్, పక్కన ఆటోమేటిక్ లెటర్‌బాక్స్ పెట్టు, ప్యాన్ అండ్ స్కాన్ పెట్టకు, ఎందుకో కింద చెప్త. సేవ్ చేసేటప్పుడు బీయూపీ ఫైల్ కూడా మార్చాల్నా అని అడుగుతది, ఎస్ అను, అది దాని నకలు. అయిపాయె. వీడియోను ఎవ్వడూ ముట్టుకోలే.

మళ్ల ఇమ్‌జీబర్న్‌తోని ఆ ఫోల్డర్‌ను ఖాళీ డీవీడీ-ఆర్ మీద కొట్టు, స్పీడ్ 4 గానీ 8 గానీ చాలు. డేటా డిస్కు కాదు, డీవీడీ వీడియో లెక్క కొట్టాలె. నువ్వు ఎంపీ4 కొట్టినవ్ చూడు, అమ్మమ్మ ప్లేయర్‌కు ఎంపీ4 అంటే ఏందో తెల్వదు, దానికి తెలిసింది వీడియో_టీఎస్ ఒక్కటే. చివర్ల ఫైనలైజ్ కాకుంటే (రాసుడు పూర్తయిందని డిస్కును మూసెయ్యకుంటే) కూడా పాత ప్లేయర్లు నో డిస్క్ అంటయ్.

మర్రిపాలెం_మూర్తి:
చెప్పడం సులువే గానీ నేను ఇది ఒకప్పుడు చేశాను, మార్చిన తర్వాత ఆ ఫోల్డర్‌లో అసలు వీడియో ఉండే వీఓబీ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనకాల గుచ్చితే మళ్లీ సన్నగానే వచ్చింది. అందుకే కన్వర్ట్ చెయ్యమన్నాను, ఊరికే అనలేదు.

ఓరుగల్లు_వాసు:
మూర్తి గారు కరెక్ట్ పాయింట్ పట్టిన్రు, నేను చెప్పుడు మర్చిపోయిన. గుర్తు రెండు చోట్ల ఉంటది. ఒకటి ఐఎఫ్ఓల, డీవీడీ ప్లేయర్ చూసేది దాన్ని. ఇంకోటి వీడియో లోపలనే, ఎంపెగ్ హెడర్‌ల (వీడియో వివరాలు రాసుండే ముక్క). ఫోల్డర్ మొత్తాన్ని డిస్కు లెక్క తెరిస్తే ఐఎఫ్ఓ మాట నడుస్తది, ఒక్క వీఓబీని పట్టుకొచ్చి ఫైల్ లెక్క ఆడిస్తే ఐఎఫ్ఓను అడిగేటోడు లేడు, లోపలి హెడర్ మాటే నడుస్తది. డీవీడీప్యాచర్ అని ఉన్నది, అది లోపలి హెడర్లను మారుస్తది, మొదటి హెడర్ ఒక్కటే గాక ఫైల్ మొత్తం అనే ఆప్షన్ పెట్టాలె, ఎందుకంటే ఆ హెడర్ వీడియో పొడుగునా మళ్ల మళ్ల వస్తనే ఉంటది. పెన్‌డ్రైవ్ కోసమైతే ఇంకా సులువు, మేక్ఎంకేవీతోని డిస్కును ఎంకేవీ చేసి, ఎంకేవీటూల్‌నిక్స్‌ల వీడియో ట్రాక్‌కు 16/9 అని రాసి మళ్ల కట్టు. దీంట్ల కూడా కన్వర్షన్ లేదు, డబ్బా మీద లేబుల్ మార్చినట్టు.

మర్రిపాలెం_మూర్తి:
ఓహో. పదేళ్లుగా నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మా అబ్బాయి బారసాల, అన్నప్రాసన అన్నీ కన్వర్ట్ చేసి ఒరిజినల్స్ పడేశాను నేను.

ఎడిసన్_లక్ష్మి:
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. అక్కా బావా ఎక్కడి నుంచి వస్తున్నారో గానీ అమెరికా అయితే వాళ్లకి డిస్కు ఇచ్చి పంపకండి. మా పుట్టింటి నుంచి తెచ్చిన డీవీడీలు ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఒక్కటీ ఆడలేదు, టీవీ పద్ధతులే వేరు, అక్కడ పాల్, ఇక్కడ ఎన్‌టీఎస్‌సీ. ల్యాప్‌టాప్‌లో మాత్రం శుభ్రంగా ఆడతాయి. ఫైల్ ఇచ్చెయ్యండి చాలు, ఎన్‌టీఎస్‌సీలోకి మార్పించడం లాంటివి పెట్టుకోవద్దు, నేను డబ్బులిచ్చి చేయించాను, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపు.

కోనసీమ_కుర్రాడు:
థాంక్స్ లక్ష్మి గారు, డల్లాస్ నుంచే. ఫైలే ఇస్తాను.

అందరికీ అప్‌డేట్. మొదటి డిస్కు ఐఎఫ్ఓ మార్చి కొట్టాను, నిజంగానే రెండు నిమిషాలు, ఆ రాత్రంతా ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కించానా అనిపించింది. మనుషులందరూ మనుషుల్లా ఉన్నారు. కానీ కొత్త తలనొప్పి. మొదట్లో నాలుగు నిమిషాలు ఫోటోలు వస్తాయి, పాత ఫోటోలు, పైన పాట. అందులో మా తాతయ్య ఫోటో దండతో ఉంటుంది, ఆయన పెళ్లికి ముందు ఏడాదే పోయారు. ఇప్పుడు చూస్తే తాతయ్య గుమ్మడికాయలా అయిపోయారు. పేర్లు వచ్చే హార్టు కూడా బూరెలా అడ్డంగా సాగింది. హార్టు సంగతి వదిలెయ్యండి గానీ తాతయ్యని అలా చూస్తే అమ్మమ్మ ఊరుకోదు.

పాత_రీలు:
ఇది అనుకున్నాను. ఫోటోలూ టైటిళ్లూ ఎడిటింగ్ ప్రాజెక్టులో నేరుగా పెట్టినవి, ఆ ప్రాజెక్టు 4:3 కాబట్టి అవి 4:3లోనే కరెక్టు. కెమెరా క్లిప్పులు మాత్రమే ఒత్తినవి. ఒకే డిస్కులో రెండు రకాలు కలిసిపోయాయి, ఏ గుర్తు పెట్టినా ఒకళ్లకి అన్యాయమే. పెళ్లి నడుమ నడుమ వచ్చే పూలూ సీతాకోకచిలుకలూ కూడా సాగుతాయి, చూసుకో. వాటిని ఎవరూ గమనించరులే, నేనే అయినా గమనించను.

ఓరుగల్లు_వాసు:
తాత కోసం చెయ్యాలె మరి. ఒక టైటిల్‌సెట్‌కు (డిస్కుల వీడియోల ఒక గుంపు) ఒకటే గుర్తు ఉంటది, సగం 4:3 సగం 16:9 కుదరదు. కానీ ఒక డిస్కుల రెండు టైటిల్‌సెట్లు పెట్టొచ్చు. వీడియో కోసే సాఫ్ట్‌వేర్ ఎవిడెమక్స్‌ల వీఓబీ తెరిచి వీడియో ఆడియో రెండూ కాపీ మోడ్‌ల పెట్టి, ఔట్‌పుట్ ఎంపెగ్ పీఎస్ అని పెట్టి, ఆ నాలుగు నిమిషాలు ఒక ముక్క, మిగిలింది ఇంకో ముక్క కొయ్యి. ఎక్కడబడితే అక్కడ తెగదు, కీ ఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేమ్) దగ్గరనే తెగుతది, అర సెకను అటిటు అయితది. తర్వాత డీవీడీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ డీవీడీస్టైలర్‌ల ఫోటోల ముక్క ఒక టైటిల్‌సెట్‌ల 4:3, పెళ్లి ముక్క ఇంకో టైటిల్‌సెట్‌ల 16:9. వీడియో ఫార్మాట్ కాడ కాపీ అని పెట్టు, లేకుంటే మళ్ల కన్వర్ట్ కొడతది. మొదటిది అయిపోంగనే రెండోదానికి దూకేటట్టు పెట్టు. పెన్‌డ్రైవ్‌కైతే రెండు ఫైళ్లు ఇచ్చెయ్, లొల్లి లేదు.

మర్రిపాలెం_మూర్తి:
మరి మూడో డిస్కు? దానికైనా కన్వర్ట్ చెయ్యాల్సిందే కదా, ఒప్పుకోండి.

ఓరుగల్లు_వాసు:
ఒప్పుకుంట మూర్తి సాబ్, దానికి గుర్తు మారిస్తే ఏం గాదు. నలుపు బొమ్మలనే కలిసిపోయింది. పైన 72 గీతలు, కింద 72 గీతలు కోసేసి, మిగిలిన 432ను 576కు సాగదీసి 16:9 గుర్తు పెట్టి మళ్ల ఎన్‌కోడ్ చెయ్యాలె. దాంట్ల ఇంకో గోల, మినీ డీవీ అంటే ఇంటర్‌లేస్, ఒక ఫ్రేమ్‌ల రెండు ఫీల్డులు (సగం సగం గీతల బొమ్మలు) దువ్వెన పళ్ల లెక్క కలిసి ఉంటయ్, వాటిని విడదీయకుండ నిలువుకు సాగదీస్తే కదిలే ప్రతి చెయ్యి మీద గీతలు పడతయ్.

పాత_రీలు:
నన్నడిగితే మూడోది ముట్టుకోవద్దు. రిమోట్‌లో జూమ్ నొక్కితే టీవీ అదే పని చేస్తుంది, నాలుగు వైపుల నలుపూ పోతుంది, ఒరిజినల్ ఒరిజినల్‌లా ఉంటుంది. 432 గీతల బొమ్మ ఎక్కడ సాగదీసినా 432 గీతలే. ఈ రోజు నువ్వు వాడే సాఫ్ట్‌వేర్ కంటే అయిదేళ్ల తర్వాత టీవీ బాగా సాగదీస్తుంది.

మర్రిపాలెం_మూర్తి:
జూమ్ నొక్కడం మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదండి. వాడే మనుషుల్ని బట్టి కదా. నేనైతే కోసి ఎన్‌కోడ్ చేసి, ఒరిజినల్ బీరువాలో పెడతాను. (ఈసారి పడెయ్యను.)

కోనసీమ_కుర్రాడు:
మూడోది అలాగే ఉంచేస్తున్నానండి, జూమ్‌కే ఓటు.

డీవీడీస్టైలర్ డిస్కు అమ్మమ్మ ఇంటికి పట్టుకెళ్లాను. ప్లేయర్ చదివింది! తాతయ్య కరెక్టుగా వచ్చారు, అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది, అంతా బావుంది, ఫోటోలు అయ్యి పెళ్లి మొదలవ్వగానే మళ్లీ అగరొత్తులు!! ల్యాప్‌టాప్‌లో చూసుకునే కొట్టాను, అక్కడ కరెక్టే. ఎల్ఈడీలో కూడా కరెక్టే. నాకు ఏడుపొచ్చింది నిజంగా.

ఓరుగల్లు_వాసు:
ఏం పరేషాన్ గాకు, డిస్కు మంచిగనే ఉన్నది. ఇప్పుడు తప్పు ప్లేయర్ సెటప్‌ల ఉన్నది. ఆ ప్లేయర్‌కు నీ వెనక ఉన్నది వెడల్పు టీవీ అని ఎవరో చెప్పిన్రు, అందుకే ఒత్తిన బొమ్మను ఒత్తినట్టే పంపుతున్నది, డబ్బా టీవీకి లాగుడు రాదు. సెటప్‌ల టీవీ టైప్ అని ఉంటది, మూడు ఉంటయ్, 16:9, 4:3 ఎల్‌బీ (లెటర్‌బాక్స్), 4:3 పీఎస్ (ప్యాన్ అండ్ స్కాన్). ఎల్‌బీ పెట్టు. అప్పుడు ప్లేయరే బొమ్మను కుదించి పైనా కిందా నలుపు పెట్టి పంపుతది. పీఎస్ పెడితే అటూ ఇటూ కోసేస్తది, పీటల మీద అక్క ఉంటది, బావ సగం పోతడు. అందుకే ముందుగాల ప్యాన్ అండ్ స్కాన్ వద్దన్న, చెప్త అని చెప్పలే, మాఫ్ చెయ్.

కోనసీమ_కుర్రాడు:
వాసు గారూ, రిమోట్‌లో సెటప్ బటన్ పనిచెయ్యట్లేదండి, రబ్బరు అరిగిపోయింది. ప్లేయర్ మీద ప్లే, స్టాప్, ఓపెన్ తప్ప ఏం లేవు.

పాత_రీలు:
రిమోట్ విప్పి రబ్బరు కింద నల్లటి చుక్క తుడిచి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం ముక్క అంటించు, బటన్ సైజుకి కోసి. వెండి వైపు కిందకి ఉండాలి. నా డెక్కు రిమోట్లన్నీ అలాగే నడిపాను.

కోనసీమ_కుర్రాడు:
పని చేసిందండి!!! వెండి కాగితం కోసం కిళ్లీ కొట్టుకి వెళ్తే ఆయన నన్ను అదోలా చూశాడు. ఎల్‌బీ పెట్టాను, పైనా కిందా నలుపు, మధ్యలో గడియారం గుండ్రంగా. స్కేలు పెట్టి మరీ కొలిచాను. అమ్మమ్మ మాత్రం తెర సగమే వస్తోంది, ముందుదే నిండుగా ఉండేది కదరా అంటోంది. పెద్దమ్మకి ఇంకా చూపించలేదు.

సైలెంట్_రీడర్_77:
సార్ మంచి థ్రెడ్. మాది 2003 పెళ్లి, డీవీడీ కాదు వీసీడీలు, నాలుగు ఉన్నాయి. ఇలాగే 16:9 గుర్తు పెట్టొచ్చా? ఫోల్డర్‌లో పేరు చివర .dat అని ఉన్న ఫైళ్లు ఉన్నాయి.

ఓరుగల్లు_వాసు:
వీసీడీ అంటే ఎంపెగ్ 1, 352 బై 288, దాంట్ల 16:9 గుర్తు అన్న లెక్కనే లేదన్నా. మీ మనుషులు సన్నగ ఉన్నరా లావుగ ఉన్నరా ముందు గది చూడు. కొత్త థ్రెడ్ ఎయ్, గుండ్రంగా ఉన్నది ఏదన్నా దొరికితే ఫోటో కూడా పెట్టు.